ఒక్కసారే అనాల్సిన మాట

లోటార్ ఓడిపోతే పెళ్లి ఆగిపోతుంది. హోల్ట్‌బెక్ ఊళ్లో పాలు తాగే పిల్లలకి తప్ప అందరికీ ఆ సంగతి తెలుసు. తెలియనట్టు కూర్చున్నది లోటార్ ఒక్కడే. హెన్నింగ్ హోటల్లో చదరంగం బల్ల ముందు కుర్చీ లాక్కుని, రెండో ప్లమ్ కేకు ముక్క లాగిస్తున్నాడు.

"మేయర్ గారు ఇంకా రాలేదేం?" అన్నాడు వేళ్లు తుడుచుకుంటూ. "నా బస్సు ఇంత ఆలస్యంగా వస్తే నన్ను ఎప్పుడో ఇంటికి పంపేసేవాళ్లు."

"వాడు ఎంత ఆలస్యంగా వస్తే నీకంత మంచిది," అంది రోస్‌విటా. "గుర్రం ఎలా నడుస్తుందో ఇంకోసారి చెప్పు."

"రెండు గళ్లు తిన్నగా, ఒకటి పక్కకి. చర్చి దగ్గర మలుపు తిరిగినట్టు."

"దారిలో ఎవరైనా ఉంటే?"

"వాళ్ల మీంచి దూకేస్తుంది. అక్కడ మాత్రం బస్సులా కాదు."

చుట్టూ నిలబడ్డవాళ్లు నవ్వారు. రోస్‌విటాకి నవ్వు రాలేదు.

హోల్ట్‌బెక్ ఆడపిల్లని బయటి ఊరివాడు చేసుకోవాలంటే ముందు ఊరి మేయరుతో ఒక ఆట ఆడాలి. గెలవకపోయినా ఫరవాలేదు, ఓడిపోకూడదు. ఓడితే ఏడాది ఆగి మళ్లీ రావాలి. తాతల కాలం నుంచీ అంతే. అయితే మేయర్లు కూడా మనుషులే కాబట్టి, చెమటలు కక్కుతున్న కుర్ర పెళ్లికొడుకుని చూసి జాలిపడి, ఎక్కడో ఒకచోట చూసీ చూడనట్టు వదిలేస్తుంటారు.

ఈసారి పెళ్లికూతురు అరవై ఏడేళ్ల రోస్‌విటా. పెళ్లికొడుకు హాల్బర్‌ష్టాట్ పట్నంలో బస్సు నడిపి రిటైరైన లోటార్, డెబ్బై దాటినవాడు. మేయరు రోస్‌విటా కన్న కొడుకు ఎక్‌హార్ట్. వాడు వదిలేసే రకం కాదు. వదలనని ముందే చెప్పాడు కూడా.

"ఈ వయసులో నాకు ఆటేమిట్రా? నలుగురూ నవ్వుతారు," అంది ఆమె, పెళ్లి మాట చెప్పిన రోజున.

"ఆచారం అందరికీ ఒకటే అని బళ్లో నాకు పాఠం చెప్పింది ఎవరమ్మా? నువ్వే కదా."

ఊరి బడిలో చదరంగం టీచరు ఆమే. ఎవరి పెళ్లిలోనైనా ఆట ఎగ్గొడదామని చూస్తే మొదట కేకలేసేది ఆమే. ఇప్పుడు తన వంతు వచ్చేసరికి ఆచారం అర్థం లేనిదని ఎలా అంటుంది?

లోటార్ మాత్రం తేలిగ్గా తీసుకున్నాడు. "నేర్చుకుంటా. దాందేముంది?" అన్నాడు. కానీ ఒక సాయంత్రం, ఆమె వంటింట్లో వరసగా నాలుగో ఆట ఓడిపోయాక, తల వంచుకుని నెమ్మదిగా ఇంకో మాట చెప్పాడు. "రోసీ, ఓడిపోతే ఇంకో ఏడాది ఆ ఇంట్లో ఒక్కణ్ణీ ఉండలేను. మా అమ్మాయి రోస్టాక్ వచ్చెయ్యమంటోంది. వెళ్లిపోతాను. అంత దూరం వెళ్లాక మళ్లీ తిరిగి రావడం నావల్ల కాదు."

అందుకే రోస్‌విటాకి నవ్వు రాలేదు.

ఆమె ఆరేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఆట నేర్పింది నాన్న. వడ్రంగి. చలికాలం పని ఉండేది కాదు. వంటింటి బల్ల మీద అమ్మ బంగాళాదుంపలు తొక్క తీస్తుంటే, మిగిలిన సగం బల్ల మీద చదరంగం పలక పరిచేవాడు. రెండు రాజులూ బంట్లూ తప్ప ఇంకేమీ పెట్టేవాడు కాదు.

"గుర్రాలేవి నాన్నా?"

"నిద్రపోతున్నాయి. బంట్లతో గెలవడం వచ్చాక లేపుతా."

ఆ చలికాలమంతా ఆమె బంట్లతోనే ఆడింది. ఏ బంటు ముందుకెళ్తే ఏది ఒంటరిదవుతుందో, ఎవరి పక్కన ఎవరు నిలబడాలో, వాటి కష్టసుఖాలన్నీ తెలిశాయి. మంచు కరుగుతున్న రోజున మొదటిసారి నాన్న రాజుని మూలకి నెట్టింది. నాన్న లేచి, బీరువా మీది పెట్టె దించి, నల్ల గుర్రాన్ని ఆమె అరచేతిలో పెట్టాడు. ఆ రాత్రి గుర్రం ఆమె దిండు కింద పడుకుంది.

అప్పటినుంచీ ఆట ఆమెని వదలలేదు. ఎక్‌హార్ట్ కడుపులో ఉండగా నొప్పులు మొదలైనప్పుడు, "ఒక్క నిమిషం, ఇంకో మూడు ఎత్తుల్లో ఆటకట్టు" అని మంత్రసానిని గుమ్మంలో నిలబెట్టింది. భర్త ఆస్పత్రిలో చివరి రోజులు గడుపుతున్నప్పుడు, మాట పడిపోయినా ఆయన వేలు చూపిస్తే ఆమె పావులు జరిపేది. ఆయన పోయాక చాలాకాలం ఆమెకి ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు. ఆడాలని మాత్రం అనిపించేది. భార్యతో విడిపోయి ఒంటరివాడైన ఎక్‌హార్ట్ ఆదివారం భోజనానికి వచ్చేవాడు. తిన్నాక ఇద్దరూ పలక ముందు కూర్చునేవాళ్లు. పెద్దగా మాటలుండేవి కావు. వాళ్లకి అవసరమూ పడేది కాదు.

తలుపు తెరుచుకుంది. ఎక్‌హార్ట్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో మేయరు గొలుసు. తల్లి బుగ్గ మీద ముద్దు పెట్టాడు గానీ కళ్లలోకి చూడలేదు.

"లోటార్ గారూ, మొదలుపెడదామా?"

"మీదే ఆలస్యం మేయర్ గారూ. కేకు కూడా అయిపోయింది."

హోటల్ యజమాని హెన్నింగ్ గ్లాసు మీద చెంచాతో కొట్టాడు. "అందరికీ తెలిసిందే, అయినా చెప్పాలి కాబట్టి చెబుతున్నా. చూసేవాళ్లు నోరు విప్పకూడదు. పెళ్లికూతురికి మాత్రం ఒక్క మాట ఇస్తాం. పేరు పిలిచి 'ఆలోచించి ఆడు' అనొచ్చు. అది ఒక్కసారే అనాలి. ఇంకో మాట అందంటే పెళ్లికొడుకు ఓడినట్టే. అర్థమైందా పెద్దమ్మా?"

"నువ్వు పుట్టకముందు నుంచీ అర్థమైందిరా."

ఆట మొదలైంది.

తెల్ల పావులు లోటార్‌వి. ఎప్పుడూ మొదలుపెట్టేది తెలుపే. మొదట్లో బాగానే ఆడాడు. ఆమె నేర్పినట్టే రాజుని మూలన ఏనుగు చాటుకి చేర్చాడు. తర్వాత ఒక గుర్రాన్ని ఊరికే పోగొట్టుకున్నాడు. ఇంకాసేపటికి మంత్రినిచ్చి మంత్రిని తీసుకున్నాడు, అది అవసరం లేదు. అతని బంటు ఒకటి మాత్రం అంచు వెంబడి ఎవరి కంటా పడకుండా నడుచుకుంటూ వెళ్లి, చివరి గడికి ఒక్క అడుగు దూరంలో నిలబడింది. ఆ చివరి గడికి ఎక్‌హార్ట్ నల్ల గుర్రం కాపలా ఉంది. అది అక్కడున్నంతసేపూ బంటు కదిలితే చావే.

రోస్‌విటా ఒక్క మాటనీ నాలుక చివర పట్టుకుని కూర్చుంది. ఎప్పుడు వాడాలి? రెండుసార్లు నోరు తెరవబోయి ఆగింది. ఇంతకన్నా పెద్ద తప్పు చేస్తే?

అప్పుడు ఇంకో సంగతి గమనించింది. కొడుకు తొందరగా ఆడుతున్నాడు.

లోటార్ చెయ్యి వెనక్కి తీసుకునేలోపే వీడి చెయ్యి వచ్చేస్తోంది. ఎక్‌హార్ట్ అలా ఆడే మనిషి కాదు. ఒక ఎత్తుకి కాఫీ మొత్తం చల్లారబెట్టే రకం. వాడు తొందరగా ఆడగా ఆమె ఒక్కసారే చూసింది. చిన్నప్పుడు పక్క ఊరి పోటీకి తీసుకెళ్లినప్పుడు, ఆమె మంచినీళ్ల కోసం బయటికెళ్లింది. తిరిగొచ్చేసరికి వాడు ఎడాపెడా ఎత్తులు వేసి సగం పావులు పోగొట్టుకున్నాడు. "నువ్వు వెళ్లిపోయావనుకున్నా" అన్నాడు, ముక్కు ఎగబీలుస్తూ.

ఇన్ని నెలలుగా వాడికి లోటార్ అంటే పడదనుకుంది. పట్నంవాడని, చదరంగం రాదని, వాళ్ల నాన్న కుర్చీలో కూర్చుంటున్నాడని. ఏదీ కాదు. పెళ్లయ్యాక ఆమె హాల్బర్‌ష్టాట్ వెళ్లిపోతుంది. ఈ ఏభై ఏళ్ల మేయరు, గొలుసు వేసుకుని, భయపడుతున్నాడు.

అదే క్షణంలో ఎక్‌హార్ట్ చెయ్యి గుర్రం మీద పడింది.

లోటార్ ఏనుగు ఒకటి దిక్కులేకుండా ఉంది. గుర్రంతో దాన్ని కొట్టెయ్యబోతున్నాడు. కొడితే చివరి గడికి కాపలా పోతుంది. బంటుకి అడ్డే ఉండదు. వాడు చూడలేదు.

ఆమె ఊరుకుంటే చాలు. నోరు విప్పక్కర్లేదు. ఊపిరి కూడా గట్టిగా పీల్చక్కర్లేదు. వేసవి రాగానే పెళ్లి. రోస్టాక్ మాటే ఉండదు. లోటార్ పొద్దున్నే ఈల వేసుకుంటూ కాఫీ పెడతాడు.

వాడి వేళ్లు గుర్రం మెడ చుట్టూ బిగుసుకున్నాయి.

"ఎక్‌హార్ట్," అంది రోస్‌విటా. "ఆలోచించి ఆడు."

హోటల్లో ఎవరో గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"పెద్దమ్మా," అన్నాడు హెన్నింగ్, "ఆ మాట పెళ్లికొడుకు కోసం."

పక్కనున్న ముసలాయన గొణిగాడు. "మేయరుకి అనకూడదని ఎవరూ అనలేదు. అనే అవసరం ఎవరికీ రాలేదు, అంతే."

"ఏమైంది?" అన్నాడు లోటార్ అందరి మొహాలూ చూస్తూ. "నేనేమైనా చేశానా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. ఇంకో మాట అనడానికి లేదు.

ఎక్‌హార్ట్ గుర్రాన్ని వదిలేశాడు; హోల్ట్‌బెక్‌లో పావుని గడిలోంచి ఎత్తనంతవరకూ ఎత్తు లెక్కలోకి రాదు. పలక వైపు చూశాడు. ముందు చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ. అప్పుడు తలెత్తి, ఆ రోజు మొదటిసారిగా తల్లి కళ్లలోకి చూశాడు.

"ఎందుకు చెప్పావమ్మా?"

ఆమె కొడుకునే చూస్తూ కూర్చుంది.

వాడు మోచేతులు బల్ల మీద ఆనించాడు. ఈసారి తొందర లేదు. గ్లాసుల్లో బీరు నురగ దిగిపోయింది. ఎవరో దగ్గితే నలుగురు ఉష్ అన్నారు. ఎక్‌హార్ట్ పలక ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు, మళ్లీ మొదటికొచ్చాడు. తర్వాత చెయ్యి చాచి, అదే గుర్రాన్ని ఎత్తి, ఏనుగుని కొట్టాడు.

"ఆలోచించే ఆడాను," అన్నాడు.

దారి తెరుచుకుంది. ఇక లోటార్ చూడాలి.

లోటార్ చూడలేదు. పోయిన ఏనుగు వైపు దిగులుగా చూస్తూ బుర్ర గోక్కున్నాడు. మిగిలిన ఏనుగు మీద వేలు పెట్టబోయి మానుకున్నాడు. చెయ్యి రాజు దాకా వెళ్లి ఆగింది. రోస్‌విటా ఉన్న ఒక్క మాటా కొడుక్కి ఇచ్చేసింది. తన కళ్లు ఎక్కడ చెప్పేస్తాయోనని పైకప్పు దూలాల వైపు చూస్తూ కూర్చుంది.

"ఇదేంటి?" అన్నాడు లోటార్ చివరికి. "ఈ రోడ్డు మూసేసి ఉండాలి కదా. ఎప్పుడు తెరిచారు?"

బంటుని ఒక్క అడుగు ముందుకు జరిపాడు.

వేరే ఊళ్లలో అయితే బంటు చివరి గడికి చేరగానే మంత్రి అయిపోతుంది. హోల్ట్‌బెక్‌లో అంత సులువు కాదు. అది మూడు గంతుల్లో వెనక్కి, బయల్దేరిన గడికి రావాలి. ఇంట్లోవాళ్లకి కబురు చెప్పి వస్తుందంటారు పిల్లలు. ఒక్కో గంతుకీ ఒక్కో ఎత్తు. మధ్యలో దొరికిపోతే పోయినట్టే. ఆమె నేర్పినవాటిలో లోటార్‌కి ఒక్కసారికే గుర్తున్న నియమం అదొక్కటే.

ఎక్‌హార్ట్ చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఏనుగుతో చెక్ అన్నాడు. లోటార్ రాజుని తప్పించాడు. గుర్రం దగ్గరికొచ్చింది. లోటార్ మొదటి గంతు వేశాడు. మళ్లీ చెక్. మళ్లీ రాజు పక్కకి. ఎక్‌హార్ట్ బంటొకటి మీదికొచ్చింది. రెండో గంతు. ఎక్‌హార్ట్ ఏనుగుని రాజు పక్క వరసకి తెచ్చాడు. ఇంకొక్క ఎత్తు దొరికితే ఆటకట్టు.

లోటార్ మూడో గంతు వేసి, బంటుని తీసి మంత్రిని పెట్టాడు. అది సరిగ్గా రాజు పక్కనే దిగింది. దాడి అక్కడితో తేలిపోయింది.

ఎక్‌హార్ట్ ఇంకాసేపు చూసి, తన రాజుని పడుకోబెట్టి చెయ్యి చాచాడు. "ఓడిపోయాను, లోటార్ గారూ."

హోటలంతా ఒక్కసారి మాటల్లో పడింది. హెన్నింగ్ అందరికీ బీరు పోస్తున్నాడు. ఆ గోలలో రోస్‌విటా కొడుకు పక్కకి వంగింది.

"కావాలని వదిలేశావా? నిజం చెప్పు."

"లేదమ్మా. ఇంకొక్క ఎత్తు ఉంటే ఆయన పని అయిపోయేది."

"ఆ ఒక్క ఎత్తూ చాలదని నీకు ముందే తెలుసు."

"సగం తెలుసు," అన్నాడు. "నువ్వు చెప్పకుండా ఉంటే చూసుకోక ఓడిపోయేవాణ్ణి. బతికున్నంతకాలం మీ ఇద్దరి మీదా కోపంగా ఉండేవాణ్ణి. చెప్పావు. ఇక కోపానికి చోటెక్కడుంది? ఈ ఎత్తు నాది."

ఆమె వాడి మెడలో గొలుసు సరిచేసింది. సరిచెయ్యాల్సిందేమీ లేదు.

"మేయర్ గారూ," అన్నాడు లోటార్ మూతికంటిన బీరు తుడుచుకుంటూ, "ఆదివారాలు భోజనానికి మా ఇంటికొచ్చెయ్యండి. చర్చి దగ్గరే బస్సు ఆగుతుంది. మీ అమ్మకి నాతో ఆడితే నిద్రొస్తోందట."

"నాకూ వచ్చిందండీ మధ్యలో."

"మరి ఓడిపోయారేం?"

"నిద్రలో."

"జరుగు లోటార్," అంది రోస్‌విటా. "ఆ కుర్చీ ఇలా ఇవ్వు. బయటికెళ్లి కాసేపు గాలి పీల్చుకో."

లోటార్ గ్లాసు పట్టుకుని లేచాడు. ఆమె కొడుకు ఎదురుగా కూర్చుని పావులు సర్దింది. ఎక్‌హార్ట్ గొలుసు తీసి కుర్చీ వెనక తగిలించాడు. ఒక తెల్ల బంటూ ఒక నల్ల బంటూ తీసి, వీపు వెనక చేతులు మార్చి మార్చి, రెండు పిడికిళ్లూ ఆమె ముందుకి చాచాడు.

ఆమె ఎడమ చేతిని తట్టింది.

"నలుపు," అన్నాడు వాడు.

"అయితే నువ్వే మొదలుపెట్టు. తొందరేం లేదు."