క్యాన్సిల్ లేని బాక్స్

చక్కెర ఫ్యాక్టరీ చెరుకు కాటా నుంచి ఫోన్ వచ్చేసరికి దేవిశ్రీ నర్సీపట్నం కంప్యూటర్ సెంటర్లో పాఠం చెబుతోంది. "మేడమ్, మీ ప్రోగ్రామ్ బిగుసుకుపోయింది. బేగి రండి, బళ్ళోళ్ళు నన్ను కొట్టేసేలాగున్నారు!" అన్నాడు కాటా గుమాస్తా మన్మథరావు. ఆ ప్రోగ్రామ్ రాసింది దేవిశ్రీయే, నెల కూడా కాలేదు. మోపెడ్ మీద వెళ్తున్నంతసేపూ ఎక్కడ తప్పు చేశానా అని రాసిన లైన్లన్నీ మనసులోనే తిరగేసింది. దారిలో గేదె అడ్డొస్తే దాన్నీ తిట్టింది, పాపం అదేం చేసిందని!

యార్డు గేటు దాటి రోడ్డు మీదకి బళ్ళు. చెరుకు ఎండకి ఆరినకొద్దీ తూకం తగ్గుతుంది, ఇక రైతులు ఊరుకుంటారా? కాటా మీదున్న బండి మాత్రం కదలడం లేదు. ఎడ్ల పగ్గాలు పట్టుకుని ముందు నిలబడింది కొండలమ్మ, యాభయ్యేళ్ళ మనిషి.

తీరా చూస్తే బిగుసుకుపోయిందేమీ లేదు. స్క్రీన్ మధ్యలో చిన్న బాక్స్ ఒకటి "భర్త పేరు" అని అడుగుతోంది. దానికి జవాబివ్వందే వెనకాల ఇంకేదీ పనిచెయ్యదు, ఎక్కడ నొక్కినా టింగుమంటుంది. గుమాస్తాలు చదవకుండానే మూసేస్తారని అందులో క్యాన్సిల్ బటన్ పెట్టలేదు దేవిశ్రీ. మూలనుండే ఇంటూ గుర్తు కూడా తీసేసింది. తీసేసి తెగ మురిసిపోయింది కూడాను.

"మొగుడి పేరు సెప్పదండీవిడ," అన్నాడు మన్మథరావు. "ఆడోళ్ళెవరూ సెప్పరు, అది మామూలే. ఎనకాల బండోడు సెప్తే నేను కొట్టేస్తాను. ఈవిడ ఆణ్ణి కూడా సెప్పనివ్వడం లేదు."

"ఓలప్పా, నాను సెప్పేత్తాను," అన్నాడు వెనక బండి కొండబాబు, కొండలమ్మ ఊరివాడే.

"నోరిప్పావంటే ములుగర్ర తిరగేత్తాను!" అంది కొండలమ్మ.

"సిగ్గయితే నా చెవిలో చెప్పమ్మా," అంది దేవిశ్రీ.

"సిగ్గేటి? ఆడు నన్నొదిలేసి పాయకరావుపేటలో ఇంకోదాంతో కాపరం పెట్టి ఆరేళ్ళు. పోయినేడు తూకం సీటీ మీద ఆడి పేరు పడింది. అది సూపించి సెరుకు నాదేనన్నాడు, పెద్దమనుషులు ఔనన్నారు. ఈయేడూ పడితే బూమి కూడా నాదేనంటాడు. నాటింది నాను, నీరెట్టింది నాను, కొట్టింది నాను. ఆడి పేరెందుకు?"

"పోనీ ఏదో ఒక పేరు కొట్టేద్దారండి," అన్నాడు మన్మథరావు.

"ఇంకో మగోడి పేరా? ఏటి, నాకు మొగుళ్ళ కరువొచ్చిందా?"

బళ్ళవాళ్ళు గొల్లుమన్నారు. కొండలమ్మ నవ్వలేదు.

దేవిశ్రీ కీబోర్డు ముందు కూర్చుంది. ప్రోగ్రామ్‌ని మధ్యలో ఆపెయ్యొచ్చు. కానీ పొద్దున్నుంచి తూచిన నలభై బళ్ళ లెక్కా పోతుంది. సాయంత్రం ఒకేసారి సేవ్ అయ్యేలా రాసిన తెలివితక్కువదీ తనే. చీటీల కార్బన్ కాపీలున్నాయి గానీ అన్నీ మళ్ళీ కొట్టాలి, మేనేజర్ ముందు తప్పొప్పుకోవాలి. అదే ఆ ఒక్క పేరూ కొడితే అర నిమిషంలో పనైపోతుంది. వెనక బళ్ళవాళ్ళు ఈలలు మొదలెట్టారు.

"ఇది నువ్వే రాసావా పాపా?" అని అడిగింది కొండలమ్మ.

"నేనేనమ్మా."

"మరి ఒద్దని సెప్పడానికి సోటెట్టలేదేటి?"

దేవిశ్రీకి తల కొట్టేసినట్టయింది. ఇంకేమీ ఆలోచించకుండా మూడు కీలు కలిపి నొక్కి ప్రోగ్రామ్‌ని ఆపేసింది. బాక్స్ పోయింది, దాంతోపాటు నలభై బళ్ళూ పోయాయి. మన్మథరావు "అయ్యబాబోయ్!" అని నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"తప్పు నాదేనని మేనేజర్ గారికి నేనే చెప్తాను. కాపీలన్నీ కూర్చుని నేనే కొడతాను. ముందు పాత చీటీల పుస్తకం ఇలా ఇవ్వండి," అంది.

కాటా చూపిస్తున్న అంకె చూసి తన చేత్తోనే చీటీ రాసింది, మన్మథరావు చేత ముద్ర వేయించింది. కొండలమ్మకి చదువు రాదు. చీటీని అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కిచ్చింది.

"సదువు."

"కొండలమ్మ. చెరుకు పన్నెండు క్వింటాళ్ళు."

"ఇంకా?"

"ఇంకేం లేదమ్మా."

"మళ్ళీ సదువు," అంది కొండలమ్మ.