చల్లబడని సరస్సు

దోమ తలకాయలు లెక్కపెట్టుకుంటూ ఒక మొగుడూ పెళ్ళాం ముప్ఫై ఏళ్ళు కాపురం చేశారంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీండి, వాళ్ళ చుట్టాలే నమ్మలేదు. "ఈగలు తోలుకునేవాళ్ళని చూశాను గానీ బావా, దోమలు లెక్కపెట్టేవాడివి నువ్వొక్కడివే" అని ఆవిడ తమ్ముడు కలిసినప్పుడల్లా ఆటపట్టించేవాడు. "తోలడం కంటే లెక్కపెట్టడం కష్టంరా" అని ఆయన నవ్వేసేవాడు.

కష్టమే మరి. అవి కుట్టే దోమలు కావు. సాయంత్రమయ్యేసరికి సరస్సు మీద గుంపులు గుంపులుగా లేస్తాయే, ఆ చిన్న జాతి. వాటి పిల్లపురుగులు నీటి అడుగున బురదలో పెరుగుతాయి. పెరిగేకొద్దీ తల మీది పెంకు విడిచేస్తాయి. ఒళ్ళు కుళ్ళిపోతుంది గానీ ఆ పెంకు కుళ్ళదు, వేల ఏళ్ళయినా చెక్కుచెదరకుండా ఉంటుంది. దాని మీద ఏటేటా బురద పొరలు పొరలుగా పడుతుంది. అడుగు పొర పాతది, పై పొర కొత్తది. కొన్ని రకాలు చల్లటి నీళ్ళలో తప్ప బతకవు, కొన్నింటికి వెచ్చగా ఉండాలి. గొట్టం దింపి, పొరలు చెదరకుండా బురదని పైకి లాగి, ఏ పొరలో ఏ తలలు ఎన్నున్నాయో చూస్తే ఆ కాలంలో చలి ఎంతో, వేడి ఎంతో చెప్పొచ్చు. అదీ వాళ్ళిద్దరి పని.

ఆవిడ బురద కడిగి, జల్లెడ పట్టి, నలుసంత తలల్ని సన్నటి పట్టకారుతో ఏరి గాజు స్లైడు మీద అతికించేది. ఆయన మైక్రోస్కోపులో చూసి ఏది ఏ రకమో తేల్చేవాడు. తర్వాత ఆవిడ ఎదురుబల్ల మీది మైక్రోస్కోపులో అవే మళ్ళీ చూసేది. తేడా వచ్చిందంటే దెబ్బలాటే. అది ఇంటిదాకా వచ్చేది, కంచాల ముందు కూడా సాగేది. గెలిచినవాళ్ళు నవ్వుకుంటూ తినేవాళ్ళు, ఓడినవాళ్ళు అంట్లు తోమేవాళ్ళు.

పుస్తకాల్లో ఆ పురుగుల పేర్లు నోరు తిరగనివి. అందుకని వీళ్ళు ముద్దుపేర్లు పెట్టుకున్నారు. వెచ్చటి నీళ్ళ రకానికి పళ్ళన్నీ బయటికి కనిపిస్తాయి, వాడు పళ్ళికిలిగాడు. చల్లటి నీళ్ళ రకానికి నడిమి పళ్ళు ఉండవు, వాడు బోసినోరు. గోలంతా ఎక్కడ వస్తుందంటే, పళ్ళికిలిగాడి నడిమి పళ్ళు అరిగిపోతే వాడూ అచ్చం బోసినోరులాగే ఉంటాడు. అరిగిన పళ్ళ మొదళ్ళు మాత్రం మిగులుతాయి. వాటిని పట్టుకోవాలంటే కళ్ళలో వత్తులు వేసుకుని చూడాలి. ఆ విషయంలో ఆయనకి సాటి ఎవరూ లేరని అందరూ ఒప్పుకున్నదే.

అంతటి మనిషి ఇప్పుడు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, చొక్కా గుండీ పెట్టుకోవడం ఎలాగా అని ఆలోచిస్తుంటాడు. మతిమరుపు జబ్బని డాక్టరు తేల్చి ఏడాది దాటింది. ఒక్కోరోజు ఆవిడని "ఏమోయ్" అని పిలుస్తాడు. ఆ రోజు ఆవిడకి పండగ. ఎక్కువ రోజులు మాత్రం "ఎవరండీ మీరు?" అని మర్యాదగా అడుగుతాడు. ఆ మర్యాద ఆవిడకి చెంపదెబ్బ కంటే గట్టిగా తగులుతుంది.

ఇలా ఉండగా ఒకరోజు ఆయన శిష్యురాలు ఇంటికొచ్చింది. గురువుగారికి దణ్ణం పెట్టి, ఆయన గుర్తుపట్టకపోయేసరికి కళ్ళు తుడుచుకుని, వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"అమ్మా, మీరు తప్ప నాకు దిక్కు లేదు," అంది.

సంగతేమిటంటే, ఆయన చేసిన చివరి పెద్ద పనిలో ఒక సరస్సు, పై పొరలకి వచ్చేకొద్దీ, అంటే మన కాలానికి దగ్గరయ్యేకొద్దీ, చల్లబడుతూ వచ్చిందని తేలింది. ముందు మెల్లగా, తర్వాత జోరుగా. ఆ చల్లబడడాన్ని గీతగా గీసి చూపించినరోజు సభలో అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఈ అమ్మాయి దాని పక్క సరస్సు మీద నాలుగేళ్ళు కష్టపడింది. దీంట్లో చలి జాడే లేదు.

"పక్కపక్క సరస్సులు, ఒకటి వణుకుతుంటే రెండోది చెమటలు పట్టి కూర్చుంటుందా అని నా పరీక్ష కమిటీవాళ్ళు నవ్వారమ్మా. నువ్వు మీ గురువుగారికంటే మొనగత్తెవా అన్నారు. సోమవారం లోపల తేల్చకపోతే నా చదువంతా బూడిదలో పోసిన పన్నీరే."

"అంటే ఆయన లెక్క తప్పంటావా?" ఆవిడకి ఒళ్ళు మండింది.

"అనను. నాదే తప్పేమో. మీరు ఒక్కసారి ఆ స్లైడ్లు చూడండి. ఆయనదే సరి అని మీరంటే నోరు మూసుకుని వెళ్ళిపోతాను."

చూస్తానంది. ఆ పిల్ల నోరు మూయించడానికే చూస్తానంది.

మర్నాడు పొద్దున్నే పక్కింటావిడని ఆయన దగ్గర కూర్చోబెట్టి ల్యాబుకి వెళ్ళింది. ఆ సరస్సు స్లైడ్ల పెట్టె తీస్తుంటే ఆవిడకి చేదు జ్ఞాపకమొకటి వచ్చింది. ఆయన చూశాక ఆవిడ మళ్ళీ చూడనిది ఆ ఒక్క సరస్సే. ఆ ఏడు ఉన్నట్టుండి ఆయన, "ఎదురుగా కూర్చుని నా మొహంలోకి చూడకు. నీ కాపలా నాకక్కర్లేదు" అని తలుపేసుకున్నాడు. ఎన్నడూ మాట తూలని మనిషి. కాపలా అన్న మాట ఆవిడ గుండెలో ముల్లులా దిగింది. సరే మహానుభావా అని తన మైక్రోస్కోపు పట్టుకుని పక్కగదిలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇంట్లో అవసరమైన మాటలే. చెప్పిన పని మర్చిపోతే లెక్కలేనితనం అనుకుంది. పిలిస్తే పలక్కపోతే మొహం మొత్తిందనుకుంది. ఈయనకి నా మీద ప్రేమ చచ్చిపోయిందని, ఎవరికీ చెప్పకుండా, రెండేళ్ళు ఏడ్చింది.

అడుగు పొరల స్లైడ్లు ముందు చూసింది. ఒక్క తప్పు లేదు. లెక్కపెట్టిన తలని మళ్ళీ లెక్కపెట్టకుండా పక్కన గాజు మీద సిరాచుక్క పెట్టడం వాళ్ళకి అలవాటు. ప్రతి తల పక్కనా ఒక నీలం చుక్క, ముగ్గు పెట్టినంత పొందిగ్గా ఉంది. చూశావా పిల్లా అనుకుంది.

నడిమి పొరల్లో ఒక అరిగిన పళ్ళికిలిగాడు బోసినోరు లెక్కలో పడ్డాడు. ఎవరికైనా జరుగుతుందిలే అనుకుంది. తర్వాత స్లైడులో ఇద్దరు. ఆ తర్వాత అయిదుగురు. పైకి వెళ్ళేకొద్దీ పెరిగారు. చివరికి పళ్ళు బాగా ఉన్నవాళ్ళని కూడా ఆయన బోసినోళ్ళు చేసేశాడు.

స్లైడ్లని పేకముక్కల్లా కలిపేసి చూడాలని ఆవిడకి నేర్పింది ఆయనే. లెక్కపెట్టేవాడి కన్ను అలిసిపోతే ఆ తప్పు ఒకే కాలం మీద కుప్పపడకుండా ఉండడానికి ఆ పద్ధతి. తప్పులు ఇలా వరసగా పెరిగాయంటే ఈసారి ఆయన కలపలేదు. అడుగు నుంచి వరసగా పైకి వచ్చాడు. వరస తప్పితే తను ఎక్కడున్నాడో తనకే తెలియని స్థితికి అప్పటికే వచ్చేశాడన్నమాట.

సరస్సు చల్లబడలేదు. ముందు మెల్లగా, తర్వాత జోరుగా కిందికి దిగిన ఆ గీత సరస్సుది కాదు, ఆయనది. దానికే అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

అంతవరకూ తట్టుకుంది. తట్టుకోలేకపోయింది చుక్కల్ని చూసి. తప్పులు మొదలైన చోటి నుంచి నీలం చుక్క పక్కన ఎర్రచుక్క ఉంది. ఇంకాస్త పైకి వెళ్తే ఆకుపచ్చది కూడా. అవే తలల్ని మళ్ళీ, మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. చివరి స్లైడ్ల మీద చుక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి అలికినట్టయ్యాయి. ఆయనకి తెలుసు. డాక్టరు కంటే రెండేళ్ళ ముందే తెలుసు. తలుపేసుకుని, భార్యకి మొహం చూపించలేక, ఒక్కడే భయపడుతూ కూర్చున్నాడు. గోడకి ఇవతల ఆవిడ మూతి ముడుచుకుని కూర్చుంది.

"ఒక్క మాట చెప్పకూడదుటండీ," అని ఖాళీ కుర్చీని అడిగి భోరుమంది.

ఏడుపు ఆగాక భయం పట్టుకుంది. చెప్తే ఏమవుతుంది? ఆయన పేరు నిలబెట్టిన పనే ఆయన మతి చెడిన గుర్తుగా మిగులుతుంది. అంతకుముందు చేసినవన్నీ కూడా తవ్వుతారు. పాపం పిచ్చాయన అంటారు. చెప్పకపోతే ఒక ఆడపిల్ల బతుకు బుగ్గి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరికే అన్నారా? చాలాసేపు కొట్టుమిట్టాడి, ఆయన వైపే మొగ్గింది. జిగురు పచ్చబడిపోయింది, స్లైడ్లు పాడైపోయాయి, ఏమీ కనిపించలేదని చెప్పేద్దామనుకుంది. పెట్టె అటక మీద పడేద్దామని సంచీలో పెట్టుకుని ఇంటికొచ్చేసింది.

మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి బల్ల మీద పడుతోంది. ఆయన సంచీ చూశాడు. పెట్టె అంచు కనిపించేసరికి చెయ్యి చాపాడు.

"ఎవరి స్లైడ్లండీ?"

ఆవిడకి కాదనబుద్ధి కాలేదు. ఇంట్లో ఉన్న పాత మైక్రోస్కోపు బల్ల మీద పెట్టి, పై పొర స్లైడొకటి ఎక్కించింది. గుండీ పెట్టుకోలేని ఆ వేళ్ళు మర తిప్పడం మాత్రం మర్చిపోలేదు. ఒక్కోసారి ఇలా కాసేపు తెరిపి వస్తుందని డాక్టరు చెప్పాడు.

"పళ్ళికిలిగాడు," అన్నాడు. "అరిగాడు. మొదళ్ళు చూడండి, కనిపిస్తున్నాయి."

"దాన్ని బోసినోరని రాశారండి," అంది ఆవిడ.

"ఎవరు?"

"ఒకాయన."

ఆయన స్లైడు తీసి వెలుతురుకి ఎత్తిపట్టి చూశాడు. "నీలం, ఎరుపు, పచ్చ. ఎన్నిసార్లు లెక్కపెట్టాడో పాపం. భయపడ్డట్టున్నాడండీ."

ఆవిడ స్లైడు అందుకుని పెట్టెలో పెట్టింది.

"పక్కన ఎవరూ లేరా ఆయనకి?"

"లేరండి."

"ఉండాలి. ఒక్కడు చేసే పని కాదిది. నాకైతే మా ఆవిడ ఉంది. ఆవిడ చూడందే నేను ఒక్క తల కూడా బయటికి పంపను." అని, "ఈ లెక్క పంపేశారా?" అన్నాడు.

"పంపేశారండి. ఇప్పుడు తప్పని చెప్తే ఆయన పరువు పోతుంది."

ఆయన నిజంగానే ఆలోచించాడు. "దోమ తలకాయల్లో పరువేముందండీ?" అన్నాడు. "చెప్పెయ్యండి."

ఆవిడ అక్కడే, ఆయన ఎదురుగానే ఫోను తీసింది.

"నీ సరస్సు సరిగ్గానే ఉందమ్మా. మాదే తప్పు."

 "ఎందుకు తప్పిందని చెప్పమంటారమ్మా?" అని నెమ్మదిగా అడిగింది శిష్యురాలు.

"ఆయనకి జబ్బు అప్పటికే మొదలైందని చెప్పు. రెండో మనిషి చూడలేదని చెప్పు. ఆ రెండో మనిషి నేనేనని కూడా చెప్పు," అని ఫోను పెట్టేసి, బల్ల మీద తల ఆనించి ఏడ్చింది.

ఆయన కంగారుగా జేబులన్నీ తడుముకుని, రుమాలు దొరక్క, తన చొక్కా అంచు పట్టుకుని ముందుకి చాపాడు.

"ఊరుకోండి. తప్పులు అందరం చేస్తాం," అన్నాడు. "మా ఆవిడ వచ్చే వేళైంది. వచ్చాక చెప్తానుండండి. మీ పక్కన కూర్చుంటుంది."