పైకి చదవాల్సిన మాట

పిల్లల గ్రంథాలయం కమిటీ పెద్దలు గంట నుంచి ఒకే ఒక్క మాట గురించి పోట్లాడుకుంటున్నారు. ఆ మాటేమిటో మాత్రం ఒక్కరి నోటా రాలేదు. "పదకొండో పేజీలో ఉందే, అది" అంటాడొకాయన. "అదే, ఆ దరిద్రం" అంటాడు ఇంకొకాయన. వింటున్న లైబ్రేరియన్‌కి ఒళ్లు మండిపోతోంది.

ఇంత రభసకీ కారణమైన కథ ఇంతే: ఒక పాప పక్కలో ఉచ్చ పోసుకుంటుంది, పొద్దున్నే దుప్పటి దాచేస్తుంది, చివరికి ధైర్యం చేసి వాళ్లమ్మకి చెబుతుంది. ఎవరో మహాతల్లి ఆ పేజీని ఫొటో తీసి, పిల్లలకి బూతులు నేర్పుతున్నారని అందరి ఫోన్లకీ పంపింది. అప్పట్నుంచి లైబ్రేరియన్‌కి తిన్న తిండి ఒంటపట్టడం లేదు.

"లఘుశంక తీర్చుకుంది అని కాగితం అతికిస్తే పోలా?" అన్నారు రిటైరైన మాస్టారు.

"దుప్పట్లో లఘుశంక ఏమిటి మాస్టారూ? మీ ఇంట్లో ఎవరైనా అలా అంటారా?" అంది లైబ్రేరియన్.

"మా ఇంట్లో అసలా ప్రస్తావనే రాదమ్మా" అన్నారాయన, అదేదో బిరుదైనట్టు.

అధ్యక్షుడు అందుకున్నాడు. "మా మనవరాలినే తీసుకోండి. ఎనిమిదేళ్లొచ్చాయి. ఇలాంటి మాట దాని చెవిన కూడా పడలేదు."

లైబ్రేరియన్ నోటిదాకా వచ్చిన మాటని ఆపుకుంది. ఆ మనవరాలు బడి వదలగానే ఇక్కడికొచ్చి, తాతయ్య కోసం ఎదురుచూస్తూ, పెద్ద అట్లాసు మధ్య దాచుకుని చదివేది ఈ పుస్తకాన్నే. మొన్నొకరోజు బల్ల దగ్గరికొచ్చి గుసగుసగా అడిగింది. "మేడం, ఈ పాపకి తర్వాత తగ్గిపోయిందా? ఇందులో రాయలేదు."

"తగ్గిపోతుందమ్మా. ఇంట్లో చెబితే ఇంకా త్వరగా తగ్గుతుంది."

"అమ్మో, చెప్పకండి. అలాంటి మాటలంటే తాతయ్యకి కోపం."

చెప్పనని మాటిచ్చింది. ఇప్పుడు ఒక్క ముక్క అంటే చాలు, ఈ పెద్దమనిషి నోరు మూతపడుతుంది. కానీ ఆ పిల్ల గుట్టు రట్టుచేసి పుస్తకాన్ని కాపాడి ఏం లాభం? అలాగని పుస్తకం బీరువాలోకి పోతే ఆ పిల్లకి దుప్పటి దాచుకోవడం తప్ప ఇంకేం మిగలదు. ఆవిడకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

చేతులు లేచాయి. పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేయాలన్నారు. "తీర్మానం రాసివ్వండి, పొద్దుపోతోంది" అన్నాడు అధ్యక్షుడు.

ఈ కమిటీకో పద్ధతి ఉంది. అధ్యక్షుడు లేచి నిలబడి మొత్తం పైకి చదివితేనే తీర్మానం చెల్లుతుంది. చీపుర్లు కొన్నా అంతే, గోడలకి సున్నం వేయించినా అంతే. ఆ పద్ధతిని పట్టుకుని వేలాడేవాడు ఈయనే. లైబ్రేరియన్ రాసి చేతికిచ్చింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "పదకొండో పేజీలో, 'పాప పక్కలో...'" అని ఆగిపోయాడు. "మిగతాది అందరికీ తెలిసిందేగా."

"మొత్తం చదవాలండి. చీపుర్ల తీర్మానంలో మీరొక్క మాట మింగారని మళ్లీ మొదటినుంచీ చదివారు."

సాయం కోసం ఆయన అటూ ఇటూ చూశాడు. మాస్టారు ఫ్యాను వంక చూస్తున్నారు. ఇక తప్పేలా లేదు. మొహం ఎర్రగా చేసుకుని, గొంతెత్తి గబగబా చదివేశాడు. "'పాప పక్కలో ఉచ్చ పోసుకుంది' అనే వాక్యం ఉన్నందున..."

గుమ్మంలో అలికిడైంది. ఇంటికెళదామని మనవరాలు సంచీ తగిలించుకుని వచ్చి నిలబడి ఉంది. లైబ్రేరియన్ పెద్దాయన్ని ఇరకాటంలో పెట్టాలనుకుందే గానీ, ఆ పిల్ల వింటుందని అనుకోలేదు.

పిల్ల తాతయ్యనే కళ్లార్పకుండా చూస్తోంది. "తాతయ్యా, నువ్వు కూడా ఆ మాట అంటావా?"

"ఏదో... చదవాల్సొచ్చింది తల్లీ."

"అయితే నేను నీకొకటి చెప్పొచ్చా?"

ఆయన మనవరాలి మొహం వంకా, చేతిలోని కాగితం వంకా చూశాడు. కాగితం బల్ల మీద పెట్టేసి, గుమ్మం దగ్గరికెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"చెప్పమ్మా" అన్నాడు.