సింగిడా గుడ్డ

నేను ఒక కంగాను. టాంజానియాలో ఆడవాళ్లు గౌను మీద నడుముకు చుట్టుకునే నూలుగుడ్డను. పుట్టింది మాత్రం గుజరాత్‌లోని ఒక మిల్లులో. మా జాతికి అంచున పువ్వులతోపాటు ఒక సామెత కూడా ఉంటుంది. నా మీద స్వాహిలి భాషలో ఉన్నది ఇది: “తేనెలో వేలు ముంచినవాడు ఒక్కసారితో ఆపడు.” అచ్చువేసినవాడికి ఆ భాష రాదు. ఏం చెబుతున్నాడో తెలియకుండానే వేల గజాల పొడవునా అదే మాట చెప్పాడు.

సింగిడా పట్టణంలో నన్ను కొన్నది రెహెమా. బోర్లు వేసే కంపెనీ క్యాంపులో వంట చేసేది. అక్కడి ఆడవాళ్లు నోటితో అనలేని మాటను గుడ్డగా కట్టుకుంటారు. ఆమె నన్ను కట్టుకున్నది భర్త కోసం. అతను పందేల్లో ముందు సైకిలు, తర్వాత ఆమె కుట్టుమిషను పోగొట్టాడు. నన్ను చదివి, రంగు బాగుందన్నాడు. ఆ నెలలోనే ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. రెహెమా ఏడవలేదు. నన్ను ఉతికి మళ్లీ కట్టుకుంది.

ఆ క్యాంపులో రిగ్గు నడిపే చెంచయ్యది ప్రకాశం జిల్లా పొదిలి. ఐదేళ్లుగా అక్కడే ఉండి స్వాహిలి నేర్చుకున్నాడు. ఒక ఆదివారం ఫోనులో ఫుట్‌బాల్ మ్యాచ్ మీద పందెం కాసి గెలిచాడు. మేకను కోయించి క్యాంపు మొత్తానికి భోజనం పెట్టాడు. వడ్డిస్తూ రెహెమా నా అంచు పట్టుకుని చూపించింది.

“ఒక్కసారేగా అక్కా,” అని నవ్వాడు చెంచయ్య.

“నా మొగుడూ మొదటిరోజు మేకే కోయించాడు,” అందామె.

ఏడాది తిరిగేసరికి అతను భార్యకు ఫోను చేయడం మానేశాడు. గెలిచినా ముఖంలో వెలుగు లేదు, ఓడినా బాధ లేదు. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే రెండోసారికి గానీ పలికేవాడు కాదు. గుడ్డకు ఏమీ తెలియదని మనుషులు అనుకుంటారు. ఆ రోజుల్లో మా ఇద్దరిలో గుడ్డ ఎవరో చెప్పడం కష్టం.

ఒకరోజు పొద్దున పది గంటలప్పుడు బోరులోకి పైపులు దించుతున్నారు. పైపు పట్టుకుని నిలబడినవాడు బరాకా. నలభై దాటిన మనిషి, చెంచయ్యతో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాడు. చెంచయ్య కుడిచేయి రిగ్గు లివరు మీద ఉంది, ఎడమచేతిలో ఫోను ఉంది. బరాకా వేసిన కేక అతనికి వినబడేలోపే పైపు చేతిమీదికి దిగింది. టీ తెచ్చిన రెహెమా నన్ను నడుము నుంచి లాగి బరాకా చేతికి గట్టిగా చుట్టింది. ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు.

చెంచయ్య మంచం పక్కన నిలబడి, “నేను అప్పుడు ఫోను చూస్తున్నాను,” అన్నాడు.

“తెలుసు,” అన్నాడు బరాకా. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అదే మాట చెంచయ్య కంపెనీలోనూ చెప్పాడు. ఉద్యోగం పోయింది. తన ఆఖరి జీతం బరాకా ఇంటికి ఇమ్మని రాసిచ్చాడు.

బయల్దేరే రోజు రెహెమా, నెత్తుటి మరక పూర్తిగా పోని నన్ను మడిచి అతని చేతిలో పెట్టింది. “మాకు ఇంకో సామెత ఉంది. జారడం అంటే పడిపోవడం కాదు. అది రాసిన కంగా బజారులో దొరకలేదు. మాట గుర్తుపెట్టుకో.”

పొదిలిలో చెంచయ్య భార్య కోటిరత్నం నన్ను విప్పి చూసింది. “ఈ మరకేంది?” అంది. అతను మొదటి పందెం నుంచి బరాకా వేళ్ల దాకా, రెహెమా చెప్పిన సామెతతో సహా అంతా చెప్పాడు. ఆమె నన్ను మళ్లీ మడిచి పక్కన పెట్టింది. తర్వాత చెయ్యి చాపి, “ఫోను ఇటియ్యి,” అంది. మీటల ఫోను ఒకటి కొనిచ్చింది. అతను ట్రాక్టర్ల షెడ్డులో పనికి కుదిరాడు. ఇంటికి రాగానే ఆ రోజు ఆడిందీ లేనిదీ చెప్పాలన్నది ఆమె పెట్టిన షరతు. నాలుగు నెలలపాటు “ఇయ్యాల లేదు” అన్నాడు, బడిలో హాజరు పలికినట్టు.

ఐదో నెలలో ఒక సాయంత్రం వచ్చి గడపలోనే నిలబడిపోయాడు.

“షెడ్డులో ఒకాయన ఫోను అడిగి తీసుకున్నా. ఆడినా.”

బియ్యం ఏరుతున్న కోటిరత్నం చేతులు ఆగాయి. తిడుతుందనుకున్నాను.

“జారినావు. దాచకుండా వచ్చి చెప్పినావు గదా,” అంది. “కాళ్లు కడుక్కో. రేపు నేనూ షెడ్డుకాడికి వస్తా.”

అతను తొట్టి దగ్గర కూర్చుని, బరాకా పేరు పలికి ఏడ్చాడు. ప్రమాదం జరిగాక అతను ఏడవడం నేను చూసింది అప్పుడే.

మర్నాడు ఆమె అన్నం క్యారియరును నాలో మూటగట్టి షెడ్డుకు వెళ్లింది. పనిచేస్తున్న ఆరుగురి ముందు నిలబడి, “మా ఆయనకి జూదం జబ్బుండాది. అడిగినా మీ ఫోన్లు ఇవ్వబాకండి,” అని చెప్పింది. చెంచయ్య పక్కనే ఉన్నాడు. తల దించుకోలేదు. ఎవరూ నవ్వలేదు.

ఆమె క్యారియరు అక్కడ పెట్టి, నన్ను భుజాన వేసుకుని రోడ్డెక్కాక, వెల్డింగు పనిచేసే మస్తాన్ నూనె చేతులు తుడుచుకుంటూ వెనకాలే వచ్చాడు.

“వదినా,” అన్నాడు. “మా ఇంట్లో నా సంగతి కూడా ఒకసారి వచ్చి చెప్తావా? నాకు నోరు రావడంలా.”