మూడు మిల్లీమీటర్లు

స్క్రీను మీది గీతను పట్టుకుని చెన్నరాయప్ప మౌస్‌ను మెల్లగా లాగాడు. ఊదుబత్తి పెట్టె అంచు దాటి ఆకుపచ్చ రంగు మూడు మిల్లీమీటర్లు బయటికి పాకింది. అట్టను పెట్టె ఆకారంలో కోసే పంచింగు కత్తి వెంట్రుకవాసి జరిగినా తెల్ల అట్ట బయటపడకుండా కాపాడేది ఆ కాస్త రంగే. ప్రెస్సులో దాన్ని బ్లీడ్ అంటారు. పెట్టె తయారయ్యాక అది తుక్కులోకి పోతుంది.

అతనికి యాభై ఏడేళ్లు. మెడ ముందుకు వంగి, ముక్కు స్క్రీనుకు జానెడు దూరంలో ఉంది. ఎడమ బొటనవేలి నిండా పాత గాట్లు. పందొమ్మిదో ఏట ఆనేకల్‌లో మగ్గం వదిలి చామరాజపేట ప్రెస్సుకొచ్చినప్పుడు అచ్చు ఫిల్ములను బ్లేడుతో కోసి అతికించేవాడు. తర్వాత ప్రెస్సు చందాపుర దగ్గరి షెడ్డుకు మారింది. అతనూ మారాడు. లోపలా బయటా అచ్చుపడే పెట్టెలన్నీ అతని దగ్గరికే వచ్చేవి. షీటు తిరగేస్తే ఎడమ కుడి అవుతుంది. కొత్తవాళ్లు అక్కడే తప్పుతారు. అతను తప్పడని పేరు.

పదకొండింటికి మేనేజరు శ్రీకాంత్ ఒక మిఠాయి పెట్టె తెచ్చి బల్లమీద విప్పాడు.

"లోపలివైపు చూడండన్నా."

చెన్నరాయప్ప దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. ఏమీ కనిపించలేదు. శ్రీకాంత్ అతని వేలు పట్టుకుని అంచుమీద పెట్టాడు. అప్పుడు కనిపించింది, మెరూన్ రంగు పక్కన దారమంత తెలుపు.

"ఒకవైపు బ్లీడ్ లేదు. ఎనిమిది వేల షీట్లు పోయినాయన్నా. ఆర్డరిచ్చిన పార్టీ మళ్లీ వేసియ్యమంటా ఉండాడు."

"నేనే చేస్తి. ఇప్పుడే సరిచేసిస్తా."

శ్రీకాంత్ వెళ్లబోతూ ఆగాడు. "సోమవారం నుంచి ఫైల్స్ శ్రుతి చూసుకుంటాది. మీరు స్టోర్స్‌లో కూర్చోండి. కట్టలు లెక్కపెడితే చాలు."

చెన్నరాయప్ప తల ఊపాడు. కట్టల మీది చీటీలు చదవగలనా అని మాత్రం అడగలేదు.

మధ్యాహ్నం భార్య అంజినమ్మ ఫోన్ చేసింది.

"తింటివా?"

"తింటి."

"నిన్న కండ్ల డాక్టరు ఏమనె? రాత్రి అడిగితే నిద్రపోతివి."

"ఏమీ లేదనె. అద్దాలు మార్చుకోమనె."

డాక్టరు చెప్పింది అది కాదు. చక్కెర జబ్బుతో రెండు కళ్లలోనూ వెనక పొర పాడైందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ చెప్పాడు. డబ్బాలో రాగిముద్ద సగం అలాగే ఉంది. ఛాతీలో పొద్దుటినుంచి ఏదో పట్టినట్టుంటే గ్యాసని అంజినమ్మకు చెప్పి వచ్చాడు, ఇప్పుడూ అదే అనుకుని సోడా తాగాడు.

తప్పు ఎక్కడ జరిగిందో చూడాలని పాత ఫైలు వెతికాడు. అక్షరాలు పెద్దవి చేసుకుని ఒక్కొక్క పేరే చదివాడు. రెండు నెలలుగా తను పంపిన ప్రతి ఫైలునూ తన తర్వాత మరొకరు తెరిచి మళ్లీ సేవ్ చేశారు. ప్రతిచోటా ఒకటే పేరు, శ్రుతి. మిఠాయి పెట్టె వెళ్లిన వారం మాత్రం ఆ పేరు లేదు. ఆ వారం ఆమె సెలవులో ఉంది.

శ్రుతి అదే గదిలో, అతనికి వీపు పెట్టి కూర్చుంటుంది. అతను చాలాసేపు ఆమె జడవైపు చూశాడు.

"ఎన్ని తప్పులుంటాయమ్మా?"

ఆమెకు వెంటనే అర్థమైంది. తిరగలేదు. "ఎక్కువేం కాదంకుల్."

"నాకు చెప్పకూడదా?"

"ఎట్లా చెప్పేది అంకుల్? పని నేర్పించింది మీరే."

రెండు నెలలుగా సాయంత్రం బస్సులో ఇంటికి పోతూ, ఇవాళ కూడా గట్టెక్కాననుకునేవాడు.

"ఈ మిఠాయి పెట్టె మాత్రం నువ్వు ముట్టద్దు. తప్పుంటే నన్ను పిలువు. నేనే దిద్దుతా."

రెండు గంటలు పట్టింది. బయటివైపు నాలుగు అంచులూ లాగాడు. లోపలివైపుకు వచ్చాక ఎడమ, పైన, కింద. వేలితో స్క్రీను తడుముతూ అంచులు లెక్కపెట్టుకున్నాడు. చెమట కళ్లలోకి కారితే చొక్కా చేత్తో తుడుచుకున్నాడు. ఫైలు పంపి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"పంపిస్తినమ్మా. చూడు."

శ్రుతి ఫైలు తెరిచి రెండువైపులా పెద్దది చేసి చూసింది. బయటివైపు బాగుంది. లోపలివైపు కుడి అంచు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. ఎలా చెప్పాలో కాసేపు ఆలోచించింది.

"అంకుల్, ఒక్కటే ఉండాది. లోపల, కుడివైపు."

జవాబు రాలేదు. నొచ్చుకున్నాడనుకుంది. కొంతసేపాగి తిరిగి చూసింది. అతని చెయ్యి మౌస్ మీదే ఉంది. తల ఒక పక్కకు ఒరిగి, నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

మిషను దగ్గరివాళ్లు నలుగురు మోసుకెళ్లారు. రోడ్డవతలి క్లినిక్కులో డాక్టరు నాడి చూసి, చెయ్యి మెల్లగా కిందపెట్టాడు. అంజినమ్మకు శ్రీకాంత్ ఫోన్ చేశాడు. "ఆయప్పకు గ్యాసే కదా, సోడా ఇయ్యండి" అంటూనే ఉంది ఆమె.

ఐదున్నరకు శ్రీకాంత్ గది గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. అచ్చు ప్లేట్లు వేసేవాళ్లు ఫైలు కోసం ఎదురుచూస్తున్నారని చెప్పలేక చెప్పాడు. శ్రుతి చెన్నరాయప్ప బల్ల దగ్గరికి వెళ్లింది. కుర్చీలో కూర్చోకుండా, నిలబడే కుడి అంచును మూడు మిల్లీమీటర్లు లాగింది. అతని కంప్యూటరు మీద, అతని పేరుతోనే సేవ్ చేసింది.

ఆరింటికి షిఫ్టు దిగినవాళ్లు గది బయట విడిచిన చెప్పులు తొడుక్కుని ఒక్కొక్కరే వెళ్లిపోయారు. గోడవారన ఒక జత మిగిలింది. గోధుమరంగు రెక్సిన్ చెప్పులు, ఎడమదాని మడమ ఒకవైపుకే అరిగిపోయింది, కుడిదాని పట్టీని ఎవరో నల్లదారంతో దగ్గర దగ్గరగా కుట్టారు.