ఎవరూ పట్టుకోని స్టీరింగు

బండ్లు బాగుచేసే మేస్త్రికి తన చేతిపని మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా లేదు. తప్పేం లేదు, ఆ చెయ్యి అలాంటిది. కానీ నమ్మకం మరీ ముదిరితే మనిషికి చెవులు పనిచెయ్యడం మానేస్తాయి.

అతని చెల్లెలిది మొక్కల వ్యాపారం. కుండీలూ మట్టి బస్తాలూ మొయ్యడానికి తాతలనాటి ట్రక్కొకటి ఉండేది. గుండ్రటి ముక్కు, ఉబ్బిన దీపాలు, నిక్షేపంలాంటి బండి. దాని మానాన దాన్ని ఉండనివ్వచ్చుగా? ఉండనిస్తే మేస్త్రి ఎందుకవుతాడు. "నేలకి ఆనుకుని పోతుంటే చూడు, రోడ్డు మీద ఒక్కడు కూడా తల తిప్పకుండా ఉండలేడు" అంటూ బండి బరువు మోసే కమాను పట్టీల్లో కొన్ని పీకేసి, మిగిలినవాటి వంపు చదును చేసి, బండిని బెత్తెడు కిందికి దించాడు.

దించాక నడిపి చూశాడు. ఎక్కడ? షెడ్డు ముందు నున్నటి సిమెంటు మీద. అడుగుభాగం ఎక్కడ గీసుకుంటుందోనని, నిండు గిన్నె పట్టుకున్నవాడిలా నడిపాడు. తిన్నగానే పోయింది మరి. చెల్లెలు మాత్రం అదే బండితో గుంతల రోడ్ల మీద, పొద్దెక్కకముందే సరుకు చేర్చాలని పరుగులు పెట్టాలి.

ఒకరోజు ఆ బండి వెళ్లి గోదాము గోడని గుద్దుకుంది. పక్కసీట్లో ఉన్న ఆమె కూతురికి భుజం ఎముక విరిగింది. ఆసుపత్రి వరండాలో చెల్లెలు, గుంతలో పడగానే స్టీరింగు తన చేతుల్లోంచి లాక్కుపోయిందని చెప్పబోయింది. మేస్త్రి సగంలోనే తుంచేశాడు.

"బండి నేను చూసింది, దానికి ఏ రోగమూ లేదు. తెల్లారకుండా లేస్తావు, కునుకు పట్టుంటుంది."

అంతే. మేస్త్రి అంతటివాడు చెప్పాక ఇంకెవరు నోరెత్తుతారు? బంధువులందరూ గంగిరెద్దుల్లా తలలూపారు.

ఎముక అతుక్కుంది. పిల్ల మాత్రం ఏ బండి దగ్గరికెళ్లినా "అమ్మ నడపదు కదా?" అని అడిగిగానీ కాలు లోపల పెట్టదు. ఆ తల్లి మళ్లీ స్టీరింగు ముట్టుకోలేదు. కుండీలు చంకనేసుకుని బస్సుల్లో తిరుగుతోంది. వ్యాపారం చితికిపోయింది, మనిషి సగమైపోయింది.

మేస్త్రి బండికి సొట్టలు తీసి రంగు వేశాడు. అద్దం తుడుస్తానని అతని భార్య ముందు బంపరెక్కింది. మనిషి కాస్త భారీ. అతను తలుపు తీసి సీటు కింద జారిన బోల్టు కోసం తడుముకుంటూ, ఎందుకో తలెత్తాడు. ఎవరూ పట్టుకోని స్టీరింగు తీరిగ్గా కుడివైపు తిరిగింది.

మేస్త్రి ఉన్నచోటే కొయ్యబారిపోయాడు.

"దిగు" అన్నాడు.

ఆమె దిగింది. స్టీరింగు వెనక్కి తిరిగింది.

"మళ్లీ ఎక్కు."

"ఏమిటండీ ఈ ఆట? నా బరువు మీద వేళాకోళమా?"

"నీకు దణ్ణం పెడతాను, ఎక్కవే. ఎక్కి ఊగు."

ఇన్నేళ్ల కాపురంలో మొగుడి నోట దణ్ణమనే మాట వినడం ఇదే మొదలు. ఆమె బెదిరిపోయి ఎక్కి ఊగింది. ఊగినప్పుడల్లా స్టీరింగు అటూ ఇటూ తిరిగింది, లోపల ఎవరో కూర్చుని నడుపుతున్నట్టే.

బండి కిందికి దూరాడు. స్టీరింగు పెట్టె నుంచి చక్రం దగ్గరికి పోయే రాడ్డు ఒకప్పుడు సమంగా ఉండేది. బండి దించాక దాని చక్రంవైపు కొస పైకి లేచి ఏటవాలైంది. ఇరుసు ఎగిరినప్పుడల్లా ఆ రాడ్డు అటు చక్రాన్నీ ఇటు స్టీరింగునీ పక్కకి నెడుతోంది. బండి దించినవాడు రాడ్డుని కూడా సరిచెయ్యాలని పానాలు అందించేవాడికైనా తెలుసు. మేస్త్రికి తెలియదా అంటే, తెలుసు. చూడలేదు, ఖర్మ.

పానా అందుకున్నాడు. భార్య ఆపింది.

"ఇప్పుడు ముట్టుకోకండి. ముందు మీ చెల్లెలికి చూపించండి. బాగుచేసేశాక చెబితే నమ్ముతుందా?"

కబురు అందుకుని చెల్లెలు వచ్చింది. వదినగారు బంపరు మీద ఊగింది, స్టీరింగు తిరిగింది. చూస్తూ చూస్తూ చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"చూశావుగా. తిరిగింది బండే. దించింది నేను. నీ తప్పు ఆవగింజంత లేదు" అన్నాడు మేస్త్రి.

ఆమె పక్కనున్న డబ్బా మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. అతను ఆమె కళ్లముందే రాడ్డుని చక్రానికి కలిపే పాత ఇనుప చేతిని విప్పి, రాడ్డు మళ్లీ సమంగా నిలిచేలా వేరే చెయ్యి బిగించాడు. వదినగారు మళ్లీ ఎక్కి, ఈసారి ఎగిరి మరీ ఊగింది. స్టీరింగు ఉలకలేదు, పలకలేదు.

మేస్త్రి తాళంచెవి చెల్లెలి చేతిలో పెట్టాడు. "ఇక నడుపు. పాపని కూడా ఎక్కించుకో. దానికి నేనే చెబుతాను."

"వద్దన్నయ్యా. బండి బాగైంది, సరే. నా నిద్రని ఏం చేస్తావు?"

"నువ్వు నిద్రపోతే కదా. ఇంతసేపూ చూపించింది ఏమిటే?"

"స్టీరింగు తిరిగే ఉంటుంది. మేలుకుని ఉంటే పట్టుకునేదాన్నిగా. కళ్లు బరువెక్కడం, తల ముందుకి వాలడం, అన్నీ గుర్తున్నాయి. చిన్న కల కూడా వచ్చింది."

"అవి నీకు గుర్తున్నవి కాదు తల్లీ, నేనన్న మాటలు. నోటికొచ్చింది వాగాను. నేనేమన్నా ఆ బండిలో ఉన్నానా?"

ఆమె అన్నగారి వైపు జాలిగా చూసింది, తనని ఓదార్చడానికే ఇలా అబద్ధమాడుతున్నాడన్నట్టు.

"నువ్వు చెప్పబట్టే కదా అన్నయ్యా, నాకు తెలిసింది" అంటూ తాళంచెవి అతని చొక్కా జేబులో వేసి, బస్సుకి వేళవుతోందని బయల్దేరింది.