ఐదో నట్టు

కారు ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని ఆ ఇంటాయన చాలాసేపటి నుంచి దాంతో మాట్లాడుతున్నాడు. ముందు బుజ్జగించాడు, తర్వాత బెదిరించాడు, ఇప్పుడు తిట్లలోకి దిగాడు. చక్రానికి ఐదు నట్లు. నాలుగు చెప్పిన మాట విని వదులయ్యాయి. ఐదోది మాత్రం స్పానరుకు చిక్కడం లేదు. అన్నిటిలా దానికి ఆరు మూలలు లేవు. గుండ్రంగా, నున్నగా, గుండు చేయించుకున్నట్టుంది.

"అరిగిపోయిందే ఇది," అన్నాడు, టీ తెచ్చిన భార్యతో. "కారు అమ్మిన లెక్చరరుగారు మనకి మంచి టోపీ పెట్టాడు."

టీతోపాటు ఆమె పళ్ళెంలో నాలుగు బిస్కెట్లు తెచ్చింది. అత్తగారు చేసినవి, ఒక్కోదాని మీద ఒక్కో వంకర రేకుల పువ్వు. ఆ పువ్వుల వల్లే ఇవాళ ఇంట్లో ఇంత హడావిడి. ఊరవతల హాస్టల్ వార్డెనమ్మ ఒకసారి తిని చూసి, పిల్లలందరికీ కావాలంది. "పువ్వు మాత్రం ఉండాలండోయ్, లేకపోతే షాపులో కొన్నవనుకుంటారు," అని మరీ చెప్పింది. అత్తగారి జన్మలో బయటివాళ్ళు అడిగి చేయించుకుంటున్నది ఇదే మొదటిసారి. రేపు పొద్దున్నే డబ్బాలు అక్కడ ఉండాలి. నిన్న సాయంత్రం చూస్తే టైరు పక్కన ఉల్లిపాయంత బుడిపె. దాంతో అంత దూరం పోతే దారిలో పేలినా పేలుతుంది.

"స్టెప్నీ బాగానే ఉందిగా?" అంది కోడలు.

"స్టెప్నీ బంగారంలా ఉంది. ఇదే ఊడి చావడం లేదు." అంటూ సుత్తి అందుకున్నాడు. "పాత గొట్టం స్పానరు ఒకటి దీని నెత్తిన పెట్టి కొడితే కరుచుకుంటుంది. అప్పుడు తిప్పేయొచ్చు. ఫోన్లో చూశాను."

"ఫోన్లో వాడు కొట్టింది మన చక్రాన్నా?"

ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. వంగి వంగి ఒక్కో చక్రాన్నీ చూసింది. ప్రతి చక్రానికీ అలాంటి గుండు నట్టు ఒకటే ఉంది.

"ఏవండీ, ఒక్క చక్రానికే ఉంటే అరిగిందనుకోవచ్చు. అన్నిటికీ ఒక్కోటి చొప్పున ఉందంటే ఎవరో కావాలని పెట్టిందే. ఎందుకు పెట్టారో తెలియకుండా కొట్టకండి."

లెక్చరరుగారికి ఫోన్ చేసింది. ఆయన గొంతులో తరగతి గది ఇంకా వదల్లేదు. "అదా అమ్మా! లాకింగ్ నట్టు అంటారు. దొంగలు చక్రాలు ఊడదీసుకుపోకుండా. దాని మొహం మీద గాడి చెక్కి ఉంటుంది చూడు. ఆ గాడికి సరిపోయే ఇనప ముక్క ఒకటి, తాళంచెవి లాంటిది, కారుతోపాటే ఇచ్చాను. ప్లాస్టిక్ సంచిలో పెట్టి డ్రైవరు పక్క డోరు అరలో ఉంచాను."

డోరు అర వెతికారు. సీట్ల కింద, డిక్కీలో, స్టెప్నీ పడుకునే గుంటలో వెతికారు. డోరు అర అద్దంలా మెరుస్తోంది తప్ప అందులో ఇసుక రేణువు కూడా లేదు.

"దొంగలకి దొరక్కూడదని పెట్టారు," అన్నాడు ఆయన, "మనకీ దొరక్కుండా పోయింది." మళ్ళీ సుత్తి వైపు చూశాడు. టైర్ల షాపు ఇవాళ మూత. మధ్యాహ్నం దాటితే ఈ పని రేపటికి తెమలదు.

"టీ చల్లారేలోపు వస్తాను, ఆగండి," అని ఆమె లోపలికి పోయి తన పని సంచి తెచ్చింది. ఆమె కట్టుడుపళ్ళు చేసే ల్యాబులో పనిచేస్తుంది. డాక్టర్లు నోట్లో అచ్చు తీసి పంపితే, దాన్ని చూసి పన్ను చేయడం ఆమె పని. అచ్చు తీసే పుట్టీ సంచిలో ఎప్పుడూ ఉంటుంది.

"ఏం చేస్తావ్? కారుకి పళ్ళు కట్టిస్తావా?"

"నోట్లో ఏముందో చూడకుండా పన్ను పీకనివ్వను."

పాత బ్రష్షుతో నట్టు మొహం తోమింది. మడ్డి వదిలాక నిజంగానే సన్నటి గాడి బయటపడింది, వంకర్లు పోతూ తిరిగి తనలోనే కలిసిపోయే గీత. రెండు రకాల పుట్టీని కలిపి పిసికి, ముద్ద చేసి, దాని మీద అదిమింది. గట్టిపడేదాకా వేలు తీయలేదు. ఊడదీస్తే గాడి ఉన్నచోట అచ్చులో గట్టు లేచింది. తాళంచెవి ఇలా ఉండాలన్నమాట. ఈ గట్టును ఎక్కడో చూశానే అనిపించింది ఆమెకు. గట్టును కాదు, గాడిని. ఎక్కడ?

బాగా వెలుగున్న చోట చూద్దామని వంటింట్లోకి నడిచింది. అత్తగారు మోచేతుల దాకా పిండితో, ట్రేలో బిస్కెట్లు పేరుస్తోంది. సగం వాటికి పువ్వు పడింది, సగం బోడిగా ఉన్నాయి. కోడలు అచ్చును ఒకసారి, ట్రేను ఒకసారి చూసింది. కాల్చిన బిస్కెట్ ఒకటి తీసి పువ్వు మీద అచ్చు ఆనించింది. అచ్చు గాడిలో కూర్చోబోయి కాస్త పక్కకి జరిగింది. పొయ్యిలో బిస్కెట్ ఉబ్బుతుంది కదా అనుకుని, పచ్చిదాని మీద పెట్టింది. గట్టు గాడిలోకి మెత్తగా దిగి కూర్చుంది.

"అత్తయ్యా! ఈ పువ్వు దేంతో వేస్తున్నారు?"

"దేంతోనేం, అచ్చుతో." అత్తగారు పిండి డబ్బాలో చెయ్యి పెట్టి బొటనవేలంత స్టీలు ముక్క తీసింది. "కారు కొన్నరోజు తుడుస్తుంటే దొరికింది. కొత్తది, సంచిలో ఉంది. లెక్చరరుగారి భార్య మర్చిపోయిందనుకున్నా. అలా చూడకు, రెండుసార్లు మరగబెట్టాకే వాడాను."

సుత్తి పట్టుకునే గుమ్మంలోకి వచ్చిన కొడుకు నోరు తెరిచాడు. "కార్లో బిస్కెట్ల అచ్చు ఎందుకుంటుందమ్మా?"

"వెనక ఆరు మూలలు కూడా పెట్టి పట్టుకోవడానికి ఎంత వీలుగా చేశాడో చూడరా. ఇంకేమనుకోను?"

"అంటే ఇన్నాళ్ళూ మనం కారు నట్టు తింటున్నామా!"

"మారు అడిగి వేయించుకున్నప్పుడు నీకేం తేడా తెలియలేదుగా?"

నవ్వులాట అయ్యాక అత్తగారు ముక్కను పిడికిట్లో బిగించి, బోడిగా మిగిలిన బిస్కెట్ల వైపు చూసింది. "ఇది కారుకిచ్చేస్తే మరి నా పువ్వో?" అంది, చిన్నగా.

"ఇవాళ చక్రం మార్చాక దీన్ని కడిగి, మరగబెట్టి మీకే ఇస్తాను. ట్రేలన్నీ అయ్యాకే అది కార్లోకి పోతుంది. తర్వాత మీకు ల్యాబులో వేరే అచ్చు చేసిపెడతాను. కట్టుడుపళ్ళ చిగుళ్ళకి వాడే గులాబీ రంగు ప్లాస్టిక్‌తో. నోట్లో పెట్టుకునే సరుకే కాబట్టి పిండికీ భయం లేదు."

తన పువ్వు చేసే అసలు పని చూడాలని అత్తగారు పిండి చేతులతోనే బయటికి వచ్చింది. ముక్కను నట్టు మొహాన పెడితే పట్టేసింది. దాని వెనక మూలలకు స్పానరు తగిలించి ఆయన ఒళ్ళంతా వేసి తొక్కాడు. కిర్రుమని ఒక్క మూలుగు మూలిగి నట్టు తిరిగింది. ఆయన సుత్తిని ఎవరూ చూడకుండా డిక్కీలోకి జార్చాడు.

"అన్ని కార్లకీ ఇదే పువ్వా?" అంది అత్తగారు.

"కాదత్తయ్యా. ఒక్కోదానికి ఒక్కో రకం."

"ఓహో," అందావిడ.

మర్నాడు పొద్దున కారు హాస్టల్‌కి క్షేమంగా చేరింది. ఒక్క బిస్కెట్ కూడా పువ్వు లేకుండా పోలేదు. వార్డెనమ్మ డబ్బా మూత తీసి చూసి, వచ్చే నెలకీ కావాలంది. ఆ మాట అత్తగారికి చెబుదామని కోడలు వెనక్కి తిరిగితే ఆవిడ పక్కన లేదు. వెతుక్కుంటూ బయటికొచ్చింది. వార్డెనమ్మ కారు వెనక చక్రం దగ్గర అత్తగారు మోకాళ్ళ మీద వంగి, చీర కొంగుతో గుండు నట్టు మొహం తుడుస్తోంది.

"అమ్మాయ్, ఇలా రా," అంది తల ఎత్తకుండానే. "ఇది నక్షత్రంలా ఉంది. నీ అచ్చు ముద్ద తెచ్చావా?"